జూనియస్ పార్మెలీ ఎడమ మోకాలు

నాగరికత ఎంత ముందుకు వచ్చిందంటే, ఈ రోజుల్లో అసలు పుట్టని మనిషికి మోకాలు నొప్పి వచ్చినా దాన్ని నమోదు చేసుకోవడానికి ఒక అధికారి ఉన్నాడు. ఆ అధికారిని నేనే. గ్రేట్ లేక్స్ ఊహా ఫుట్‌బాల్ లీగ్‌లో గాయాల రిజిస్ట్రారుగా పనిచేస్తున్నాను. జీతం లేదు, సెలవులు లేవు, ముద్ర మాత్రం ఉంది (అది నేనే చేయించుకున్నాను).

మా లీగ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటివాళ్ళ మీద పడే ఆటని మా విస్కాన్సిన్‌లో ఫుట్‌బాల్ అంటారు. అలా బంతి పట్టుకుని గుంపులో దూరి పరిగెత్తేవాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. దాన్ని నిజంగా ఆడేవాళ్ళు వేరే ఉన్నారు. మా ఆటగాళ్ళు ఆరువందల పన్నెండు మందీ కంప్యూటర్‌లోనే ఉంటారు. ఒక్కొక్కరిని ఒక్కో సభ్యుడు పుట్టిస్తాడు, పేరు పెడతాడు, సొంత ఊరు కేటాయిస్తాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ తనలో తాను మ్యాచ్ ఆడుకుని, ఎవరు ఎన్ని గజాలు పరిగెత్తారో చెబుతుంది. మేం అది చదువుకుని సంతోషిస్తాం, లేదా ఆ వారమంతా ఇంట్లోవాళ్ళతో మాట్లాడం.

ఆటగాడు బలపడాలంటే సభ్యుడు రాయాలి. వ్యాసం రాస్తే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లు ఆటగాడి వేగం, బలం అవుతాయి. పద్నాలుగో నిబంధన ప్రకారం ఆటగాడే స్వయంగా మాట్లాడుతున్నట్టు రాస్తే పాయింట్లు రెట్టింపు. ఎనిమిదో నిబంధన ప్రకారం ప్రతి వ్యాసం పైనా సభ్యుడి అసలు పేరు, ఫొటో ఉండి తీరాలి (మారుపేర్లతో తిట్టుకుంటున్నారని పెట్టారు, ఇప్పుడు అసలు పేర్లతో తిట్టుకుంటున్నారు). ఈ రెండు నిబంధనలూ విడివిడిగా ఎవరికీ ఏ హానీ చేయలేదు.

జూనియస్ పార్మెలీ మా బావ సృష్టి. మా బావ పేరు వెర్లిన్ డొంబ్రోస్కీ. యాభై మూడేళ్ళ వయసు, నూట ఇరవై కిలోల బరువు, చీజ్ నిలవచేసే శీతల గోదాములో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అతను పార్మెలీని ఇరవై రెండేళ్ళ వయసులో లీగ్‌లోకి తెచ్చాడు. మా లీగ్‌లో ఒక్కో సీజన్ రెండు నెలలు, సీజన్‌కి ఆటగాడికి ఒక ఏడు నిండుతుంది. పదకొండు సీజన్లలో పార్మెలీకి ముప్పై మూడు వచ్చాయి. రన్నింగ్ బ్యాకులకి ముప్పై దాటితే కంప్యూటర్ ప్రతి సీజన్ కాస్త వేగం కోసేస్తుంది. ముప్పై మూడేళ్ళవాడిని పరిగెత్తించాలంటే సభ్యుడు వారానికి మూడు వ్యాసాలు రాయాలి, అంత తీరిక ఉద్యోగం చేసే మనిషికి ఉండదు.

ఆ తీరిక మార్చి నెలలో వచ్చింది. గోదాములో గడ్డకట్టిన నేల మీద బావ జారి, చెడ్డార్ చీజ్ పెట్టెల మధ్య పడ్డాడు. ఎడమ మోకాల్లో మృదులాస్థి చిరిగిందని, ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పాడు. పని చేస్తుండగా తగిలిన దెబ్బ కాబట్టి దానికి గోదాము తరఫు బీమా కంపెనీ ఒప్పుకోవాలి. ఆగస్టు ఒకటిలోగా పనిలోకి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని గోదామువాళ్ళు ఉత్తరం రాశారు. ఉత్తరం చివర త్వరగా కోలుకోవాలని కోరుకున్నారు.

బావ మంచం మీద కాలు చాపుకుని రాయడం మొదలుపెట్టాడు. పార్మెలీ విజృంభించాడు. లీగ్ చరిత్రలో ముప్పై మూడేళ్ళ వయసులో ఎవడూ అంత వేగంగా పరిగెత్తలేదు. లీగ్ మొత్తం మీద రికార్డు పన్నెండు వేల నాలుగువందల ఆరు గజాలు, దానికి పార్మెలీ దగ్గరవుతూ వచ్చాడు. మే నెలలో ఒక ఆదివారం ఒక్క మ్యాచ్‌లోనే నూట ఎనభై ఏడు గజాలు పరిగెత్తాడు. ఆ సాయంత్రమే బావ రాశాడు: "ఈ రోజు ముప్పై ఒక్కసార్లు బంతి మోశాను. మోకాలు వెన్నలా కదిలింది. ఇంకో పదేళ్ళు ఆడతాను." పైన అతని పేరు, ఫొటో ఉన్నాయి.

బీమా కంపెనీ పేరు నేను రాయను. వాళ్ళు మనం రాసేవి చదువుతారు. ఈ కథ జరిగిందే అందువల్ల.

ఆపరేషన్ ఖర్చు భరించలేమంటూ వాళ్ళ నోటీసు వచ్చిన రోజు మా అక్క మార్లిస్ నన్ను పిలిపించి, వంటింటి బల్ల మీద కాగితం పడేసింది.

"చదవరా ఎల్డన్. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే గోడ పట్టుకునే మనిషి, ఆదివారం ముప్పై ఒక్కసార్లు బంతి మోశాడంట. ఆ బంతేదో నాకూ చూపించమను, నేను బట్టల బుట్ట మోస్తున్నా ఇక్కడ."

బావ అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. అవతల కంపెనీ తరఫున ట్రెంట్ హావర్‌క్యాంప్ అనే అధికారి. చాలా మర్యాదస్తుడు. అందరం వినాలని బావ ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు.

"చూడండి, ఆ పార్మెలీ అనేవాడు లేడు," అన్నాడు బావ.

"ఉన్నాడని మేమెక్కడా అనలేదండి. మా ఫైల్‌లో మీరొక్కరే ఉన్నారు."

"మరి ఈ గొడవంతా దేనికి?"

"లేనివాడు పరిగెత్తలేడు కదండీ. పరిగెత్తానని మీ ఫొటో కింద ఉంది. ఎవరు పరిగెత్తినట్టు?"

"బాబూ, ఆ ఫొటోనే ఓసారి సరిగ్గా చూడండి. నేను పరిగెత్తేవాడిలా ఉన్నానా?"

"వయసు మీదా శరీరం మీదా వ్యాఖ్యానించడం మా కంపెనీలో నిషిద్ధమండి. దాని మీద మాకు ఏటా శిక్షణ ఉంటుంది. ఎవరైనా పరిగెత్తగలరనే మేం నమ్ముతాం."

అప్పీలుకి శనివారం దాకా గడువు ఇచ్చాడు. పార్మెలీ లేడని లీగ్ నుంచి ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తామన్నాడు.

మా లీగ్ కమిషనర్ బెర్నడీన్ ఓస్ట్రైక్ షిబోయ్‌గన్ పట్టణ కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు జనన మరణాల రిజిస్టరు రాసి రిటైరైన మనిషి. శుక్రవారం చేపల వేపుడు తినడానికి ఆమె ఎప్పుడూ ఒకే హోటల్‌కి, ఒకే బల్ల దగ్గరికి వస్తుంది. అక్కా, బావా, నేనూ ఆమెని అక్కడే పట్టుకున్నాం. బావని ఒక కుర్చీలో, అతని కాలిని ఇంకో కుర్చీలో కూర్చోబెట్టాం.

"లేడని రాసివ్వడం కుదరదు వెర్లిన్," అంది ఆమె నిమ్మకాయ పిండుకుంటూ. "అతని ఒప్పందం ఇంకా రెండు సీజన్లుంది. మూడో నిబంధన. ఒప్పందంలో ఉన్నవాడు ఉన్నట్టే."

"అమ్మా, మీకు తెలుసు కదా."

"నాకు తెలియడం వేరు, సంతకం పెట్టడం వేరు. అయినా ఇప్పుడు అతను ఆడుతున్న దులూత్ జట్టువాళ్ళు అతని కోసం ఇద్దరు ఆటగాళ్ళని వదులుకున్నారు. లేనివాడి కోసం ఇద్దర్ని వదులుకున్నామని తెలిస్తే ఊరుకుంటారా?"

"ఆ ఇద్దరూ లేరు కదమ్మా," అన్నాను నేను.

"దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి," అంది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. నాదేనని ఒప్పుకుంటున్నాను, తరవాత ఎవరూ అడగకుండా.

"బావా, వాళ్ళు నీ మాట నమ్మరు, పార్మెలీ మాట నమ్ముతారు. అయితే పార్మెలీ చేతే చెప్పిద్దాం. మోకాలు పోయింది, ఆట మానేస్తున్నా అని. గాయం నేను నమోదు చేస్తా. ముద్ర వేసి ఇస్తా."

బావ బంగాళదుంపల పళ్ళెం పక్కకి జరిపాడు. రికార్డుకి పార్మెలీ అప్పుడు నలభై ఒక్క గజాల దూరంలో ఉన్నాడు. ఆదివారం మ్యాచ్ లీగ్‌లోకెల్లా బలహీనమైన జట్టుతో. నలభై ఒకటి పార్మెలీకి సగం ఆటలో పని. కాని అప్పీలు గడువు శనివారం.

"నలభై ఒక్క గజాలంటే ఎంతరా?" అంది అక్క.

"మీ వాకిట్లోంచి పోస్టు డబ్బా దాకా."

"అంత దూరం ఈయన నడిచి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?" అని, ఆమె బావ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుంది. "రాసెయ్యవయ్యా. నాకు మొగుడు కావాలి, రికార్డు వద్దు."

మా లీగ్‌లో గాయాలు కంప్యూటరే నిర్ణయిస్తుంది. చేత్తో రాసే గాయానికి మూడు సంతకాలు కావాలి. నాది, కమిషనర్‌ది, ఆ జట్టు కోచ్‌ది. దులూత్ కోచ్ అసలు వృత్తి పళ్ళ డాక్టరు. ఫోన్ చేస్తే, "కప్పు ఎవరిదో తేల్చే ప్లేఆఫ్‌ల ముందు మోకాలేంటయ్యా? చిటికెన వేలు చెయ్యండి, మూడు వారాల్లో లేస్తాడు," అని బేరం పెట్టాడు. అసలు మోకాలు ఎవరిదో చెప్పాక బేరం మానేశాడు. తరవాత సంతకం పంపించాడు.

ఇక ఫారం. గాయాల ఫారం ఆరేళ్ళ కిందట నేనే తయారు చేశాను, అందులో ఏ లోటూ లేదని ఇప్పటికీ కొందరు సభ్యులు అంటారు. పేరు దగ్గర పార్మెలీ అనీ, సభ్యుడి దగ్గర డొంబ్రోస్కీ అనీ రాశాను. ఎడమ మోకాలు అని రాశాను. బావ డాక్టర్ ఇచ్చిన నివేదికలోని మాటలన్నీ ఒక్కటి పోకుండా ఎక్కించాను. 'గాయం ఎలా తగిలింది' అన్నచోట మూడు గడులు ఉన్నాయి. ఎదుటివాడు గుద్దడం వల్ల, మైదానంలో పడటం వల్ల, అభ్యాసంలో. నాలుగో గడి లేదు. లేని మనిషికి గోదాములో పని ఉంటుందని ఆ రోజు నాకు తోచలేదు. ఏదో ఒక గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు (ఆ కట్టుదిట్టం కూడా నాదే). బావ నిజంగానే పడ్డాడు కదా అని, రెండో గడి నింపి ముద్ర వేశాను.

వీడ్కోలు వ్యాసం బావ ఆ రాత్రికే రాశాడు. ఇరవై రెండో నిబంధన ప్రకారం ఎనిమిదివందల మాటలు ఉండాలి, ఆటగాడే మాట్లాడాలి. పదకొండు సీజన్లలో బావ రాసిన వ్యాసాలన్నీ నేను చదివాను. గొప్పలు, సవాళ్ళు, ఎదుటి జట్టు తల్లుల ఆరోగ్యం గురించిన వాకబులు. ఇది అలా లేదు.

"పొద్దున మంచం దిగేముందు కాలితో మాట్లాడతాను, ఇవాళ ఒక్క రోజు అని. మెట్ల మీద మంచికాలు ముందు పెట్టి, రెండోదాన్ని లాక్కుంటాను. మా ఆవిడ చూడనప్పుడు మధ్యలో కూర్చుంటాను. ఇరవై ఆరేళ్ళు ఒకటే పని చేశాను. నాకు ఇంకో పని రాదు. నన్ను బాగుచేస్తే మళ్ళీ వస్తాను."

రిజిస్ట్రారు రికార్డుల ప్రకారం పార్మెలీ అవివాహితుడు. అతని సర్వీసు పదకొండేళ్ళు. తేడా ఎత్తి చూపడం నా విధి, నేను చూపలేదు. వ్యాసానికి రెట్టింపు పాయింట్లు ఇచ్చాను. వాటితో పెంచడానికి ఆటగాడు లేడు.

శనివారం పొద్దున అన్నీ కలిపి బీమా కంపెనీకి పంపాం. ఆదివారం మ్యాచ్‌లో పార్మెలీ స్థానంలో ఇంకొకడు పరిగెత్తాడు. బావ స్కోరు చూడలేదు. చూడలేదని నాతో నాలుగుసార్లు చెప్పాడు.

జవాబు జులైలో వచ్చింది. ఈసారి నన్ను అక్క పిలవలేదు, బావే కాగితం నా ముందు పెట్టాడు. హావర్‌క్యాంప్ సంతకం ఉంది.

"ఎడమ మోకాలి గాయం నిజమైనదేనని కంపెనీ ఎలాంటి సందేహం లేకుండా అంగీకరిస్తోంది. వీడ్కోలు వ్యాసంలోని వర్ణన వైద్య నివేదికతో అన్ని విధాలా సరిపోతోంది. మీ నిజాయితీని అభినందిస్తున్నాం. అయితే లీగ్ గాయాల రిజిస్ట్రారు ధ్రువీకరించిన ఫారం ప్రకారం ఆ గాయం మైదానంలో పడటం వల్ల తగిలింది, గోదాములో కాదు. కాబట్టి ఆపరేషన్ ఈ పాలసీ కిందికి రాదు. దీనిపై తదుపరి అప్పీలు లేదు. మీరు మీ లీగ్ బీమాను సంప్రదించగలరు."

కింద పెన్నుతో ఒక వాక్యం ఉంది. "ఇది వ్యక్తిగతం: పదకొండు సీజన్లూ చదివాను. నలభై ఒక్క గజాలు. మనసు చివుక్కుమంది."

"వీడు మంచివాడే," అన్నాడు బావ.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "బావా, ఆ గడి..."

"ఊరుకోరా. నువ్వు ఫారం బాగానే నింపావు. ఇన్నాళ్ళలో నా మోకాలు నిజమని రాసింది వాళ్ళొక్కళ్ళే."

తెలిసినవాళ్ళందరినీ అడిగాం. లాయరు ఒకాయన వీడ్కోలు వ్యాసం చదివి, చాలా బాగుందని, దీనికి ఎదురు వాదించలేమని అన్నాడు. ఆగస్టు ఒకటి వచ్చి వెళ్ళింది. గోదాములో బావ చోటు ఇంకొకరికి ఇచ్చారు. నేను ఫారంలో నాలుగో గడి చేర్చాను, 'ఇతరత్రా' అని. దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు.

సెప్టెంబరులో లీగ్ మహనీయుల సభలోకి పార్మెలీని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఏకగ్రీవం మా లీగ్‌లో అదే మొదటిసారి. సన్మానం ఎప్పటిలాగే బంతి దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలు కింద ఉన్న నేలమాళిగ గదిలో. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం ఆటగాడు హాజరు కాకపోతే గౌరవం రద్దవుతుంది. సభ్యుడు రావడం రాకపోవడం అతని ఇష్టం.

బావ వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, అక్క భుజం పట్టుకుని బౌలింగ్ హాలు దాకా వచ్చాడు. కింది గదికి పద్నాలుగు మెట్లు, కమ్మీ ఒకవైపే ఉంది, అదీ కుడివైపు. మూడు మెట్లు దిగి ఆగాడు. మళ్ళీ ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. తలుపు తెరిచి ఉంచి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కింద ఓస్ట్రైక్ అమ్మ పార్మెలీ పరుగుల గురించి పావుగంట మాట్లాడింది. దులూత్ కోచ్ ఏడ్చాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పైన బావ కూడా కొట్టాడట, అక్క చెప్పింది.

హాజరుపట్టీ రాయడం రిజిస్ట్రారు పని. రాసి, ముద్ర వేశాను. జూనియస్ పార్మెలీ, హాజరు. వెర్లిన్ డొంబ్రోస్కీ, లేడు.