ఊల్కాన్ నోటు పుస్తకం ఎక్కడుంది?

ఆ ఉదయం ఊల్కాన్ పెట్టుకున్న పని ఒక్కటే: బాత్మా ముసలమ్మకు వాళ్ల నాన్న ఆప్రికాట్ తోట కాగితం తీసివ్వడం. సాయంత్రం అయిదు లోపల అది భూముల ఆఫీసుకు చేరకపోతే తోట, దాని మీద కన్నేసిన కాంట్రాక్టరు పాలు.

కరాకోల్ ఊరి పాత పత్రాల ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా ఏ పెట్టె ఎక్కడుందో ఊల్కాన్ నోటు పుస్తకమే చెప్పేది: "ఆకుపచ్చ బీరువా వెనక, పగిలిన టీ సమోవార్ పక్కన." పోయిన నెల డైరెక్టర్ మెదెర్‌బెక్ ఆ జాబితానంతా అంతర్జాతీయ పద్ధతిలో కంప్యూటర్లోకి ఎక్కించాడు. పెట్టె ఎక్కడుందో రాసే చోటు గడిలో అంకెలు తప్ప ఏమీ పట్టవన్నాడు. సమోవార్ అంకె కాదు కాబట్టి గడులన్నీ ఖాళీ.

"తోట కాగితం 412వ పెట్టెలో!" అన్నాడు మెదెర్‌బెక్ తెర చూసి, గర్వంగా.

"అదెక్కడుంది?" అంది ఊల్కాన్.

"మీ పుస్తకంలో చూడండి, ఎజే," అన్నాడు, అక్కను పిలిచినంత మర్యాదగా.

"నా పుస్తకమేది?"

"అదీ చారిత్రక పత్రమే కదా! నంబరేసి ఒకటో పెట్టెలో పెట్టించాను."

"ఆ పెట్టె ఎక్కడ?"

మెదెర్‌బెక్ తెర వంక చూశాడు. గడి ఖాళీ.

"ముప్ఫై ఏళ్ల నా కష్టాన్ని పూడ్చిపెట్టి, గొయ్యి ఎక్కడ తవ్వారో కూడా మర్చిపోయారా?"

పెట్టెను బాత్మాయే కనిపెట్టింది. పద్ధతి ఎలా అమలవుతోందో చూడడానికి నార్వే నుంచి వచ్చిన ఓలావ్‌కు ఆఫీసులోనే విందు పెట్టి, గౌరవాసనం కోసం పెట్టెలు పేర్చి బొంత పరిచారు. అతను కూర్చున్న బొంత అంచు కింద "1" కనిపిస్తోంది.

"లేవమనవే!" అంది బాత్మా.

"దీవెన చెప్పకుండా అతిథిని ఎలా లేపుతాం, అపా?" అని పెద్దావిడకు నచ్చజెప్పింది ఊల్కాన్.

భోజనం ముగిస్తూ దీవెన చెప్పాల్సింది అతిథిగా తనేనని ఓలావ్‌కు తెలియదు. వడ్డిస్తుండగా లేవడం అవమానమనుకున్నాడు. పళ్లెం ఖాళీ అయితే వీళ్లు వడ్డించారు. వడ్డిస్తే అతను తిన్నాడు. మూడయింది. నాలుగయింది. ఓలావ్ బెల్టు వదులు చేసుకున్నాడు.

"సిగ్గులేదూ, ఇంకా మింగుతున్నాడు!" ఊల్కాన్ పళ్లు కొరికింది.

బాత్మా లేచి దీవెనకు అరచేతులు చాపింది. "ఎనభై ఏళ్లదాన్ని నేనుండగా ఇతని నోటికేసి చూస్తారేంట్రా? తోటలు కాయాలి, డైరెక్టర్ బుర్ర పనిచెయ్యాలి. ఓమీన్!"

దీవెన ముగిసిందన్న గుర్తుగా అందరూ అరచేతులతో ముఖాలు తడుముకుని లేచారు. అందరికన్నా ముందు ఓలావ్.

పుస్తకం దొరికింది. "412: డైరెక్టర్ గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినది." కాగితం అయిదుకు పది నిమిషాల ముందు భూముల ఆఫీసు చేరింది.

ఓలావ్ ఆ నోటు పుస్తకం ప్రతి పేజీ తిప్పించి, అర్థం చెప్పించుకున్నాడు. "చోటు గడిలో మాటలు మొదటినుంచీ పడతాయే! అంకెలు మాత్రమే అని బిగించిందెవరు?" అందరూ మెదెర్‌బెక్ వైపు తిరిగారు.

ఒకటో పెట్టె చోటు గడిలో ఇప్పుడు ఊల్కాన్ రాసిన మాటలున్నాయి: "అతిథి కింద."