పదకొండేళ్లు ఊడ్చిన అనుభవం

ఆడా మగా సమానమేనని మానవజాతి రాతపూర్వకంగా ఒప్పుకున్న చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. దాని పొడవు నలభై అయిదు మీటర్లు, వెడల్పు అయిదు మీటర్లు, పైనంతా మంచు. దాని మీద ఆడే ఆటని కర్లింగ్ అంటారు.

ఒకరు ఇరవై కిలోల రాయిని ఆ మంచు మీద జారవిడుస్తారు. ఇద్దరు దాని ముందు పరిగెడుతూ చీపుళ్లతో మంచును రుద్దుతారు. బాగా రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది. అవతలి చివర గీసిన వలయాల దగ్గర కెప్టెన్ నిలబడి, ఎప్పుడు ఊడవాలో ఎప్పుడు ఆపాలో అరుస్తూ ఉంటారు. మిక్స్‌డ్ పోటీలో ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలి, వంతులవారీగా వెయ్యాలి. చీపురు అందరికీ ఒకటే. (మన పెళ్లిళ్లలో ఇంత ప్రమాణం చేయించరు.)

కనాటా అనే మా ఊళ్లో క్లబ్ జట్టుకి కెప్టెన్ శ్యామల. పగలు టెలికాం కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, సాయంత్రాలు మంచు మీద అరవడం. మొన్న ఫిబ్రవరిలో ఇంటర్నేషనల్ పోటీకి సెలక్షన్ ఫైనల్ ఆడుతుండగా, జారుతున్న మా రాయికి ఆమె బూటు అంచు తగిలింది. ఎవరూ చూడలేదు. అంపైర్ కాఫీ కలుపుకుంటున్నాడు. శ్యామల తనే చెయ్యెత్తి "తగిలింది" అని చెప్పి, రాయిని తీసి పక్కన పెట్టేసింది. ఈ ఆటలో ఆనవాయితీ అది. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. అయినా ఒక్క పాయింటుతో గెలిచాం.

పార్కింగ్‌లో కారు మీద మంచు గీకుతూ ఆమె నాతో అంది: "ఒక్కసారి ఇంటర్నేషనల్‌లో కెప్టెన్‌గా నిలబడితే చాలు హేమచంద్ర గారూ. ఇంకేం అడగను."

అడగకుండానే ఇచ్చేందుకు ఒక కార్యాలయం ఉంది. దాని పేరు మిశ్రమ జట్ల అర్హతా నిర్ధారణ మండలి. సరిగ్గా అప్పుడే మా నాలుగో మనిషి విష్ణుకి వాంకూవర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతని బదులు శ్యామల మొగుడు కోదండరామ్‌ని తీసుకున్నాం. మనిషి మంచివాడు. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ మీదుగా వచ్చిన డేటా ఆర్కిటెక్ట్. శుక్రవారం లీగ్‌లో రెండేళ్లుగా రాయి వేస్తున్నాడు, చక్కగానే వేస్తాడు. వేశాక మాత్రం నీళ్ల బాటిల్ దగ్గరికి వెళ్లిపోతాడు.

మండలి వారి పోర్టల్‌లో పద్నాలుగో గడి ఉంది: "ఊడ్చిన అనుభవం, సంవత్సరాలలో. కనీసం రెండు." మంచు మీద ఊడ్చినా ఇంట్లో ఊడ్చినా చెల్లుతుంది, సాక్షి ఉంటే చాలు. (వాక్యూమ్ క్లీనర్ వాడేవారు వేరే స్ట్రీమ్‌లో అప్లై చేసుకోవాలి.) నేను నాలుగేళ్లు అని రాశాను. చదువుకునే రోజుల్లో రూమ్మేట్లతో అద్దెకున్న ఎటోబికో బేస్‌మెంట్‌లో వంతుల పట్టిక ప్రకారం సంపాదించినవి. మా జట్టులో రెండో అమ్మాయి తేజశ్రీ మూడేళ్లు రాసింది. శ్యామల మంచు మీద ఎప్పుడూ కెప్టెనే కాబట్టి అక్కడ ఊడ్చిందేమీ లేదు, అరిచిందే. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఊడ్చిన పదకొండేళ్లు రాసింది.

కోదండరామ్ కూడా పదకొండే రాశాడు.

"అదేంటండీ?" అన్నాను.

"ఎక్స్‌పీరియన్స్ గడి ఖాళీగా వదిలితే ఫిల్టర్‌లోనే కొట్టేస్తారు గురూ. నేను ఎన్ని రెజ్యూమేలు చూశానో!" అన్నాడు. కింద వివరాల్లో "మూడు దేశాల్లో ఎండ్-టు-ఎండ్ స్వీపింగ్ లీడ్ చేశాను, డస్ట్‌ని డెబ్బై శాతం తగ్గించాను" అని కూడా రాశాడు. అనుభవం గడి కనిపిస్తే మావాళ్ల చెయ్యి ఊరుకోదు. అది వృత్తిధర్మం.

వారం తిరక్కుండా మండలి కంప్యూటర్ ఒక సంగతి కనిపెట్టింది. ఒకే ఇల్లు, ఒకే పదకొండేళ్లు, దరఖాస్తుదారులు ఇద్దరు. ఊడ్చిన ఇంటిని మళ్లీ ఊడవడం వనరుల దుర్వినియోగం కిందికి వస్తుంది కాబట్టి విచారణ వేశారు. స్వీపింగ్ అనుభవ నిర్ధారణాధికారి డగ్లస్ గారు వీడియో కాల్‌లోకి వచ్చారు. జట్టు తరఫున నేను కూడా శ్యామల వాళ్ల వంటింట్లో కూర్చున్నాను.

"మీ వారు చీపురు పట్టుకోగా మీరు కళ్లారా చూశారా?" అని ఆయన శ్యామలని అడిగారు.

కోదండరామ్ ఫ్రిజ్ పక్కన, కెమెరాకి కనపడకుండా నిలబడి రెండు చేతులూ జోడించాడు. శ్యామల ఆ చేతుల వంక చూసింది.

"ఒకసారి చూశాను," అంది. "స్మోక్ అలారం మోగుతుంటే చీపురు కర్రతో పొడిచి ఆపారు. ఆపి, చీపురు డైనింగ్ టేబుల్ మీదే పెట్టి వెళ్లిపోయారు."

"పట్టుకున్నారన్నమాట." డగ్లస్ గారు రాసుకున్నారు. "పదకొండేళ్లుగా ఇల్లు ఊడ్చిన మాట వాస్తవమేనా?"

"వాస్తవమే. ఊడ్చింది నేను."

"మొత్తానికి ఊడ్చారు."

వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు స్వీటీ కెమెరాలోకి తల పెట్టి "డాడ్ డజంట్ ఈవెన్ నో వేర్ ద బ్రూమ్ ఈజ్!" అంది. మైనర్ల సాక్ష్యానికి వేరే ఫారం ఉందని ఆయన మర్యాదగా చెప్పారు.

తీర్పు మూడు రోజుల్లో వచ్చింది. సదరు ఇంట్లో పదకొండేళ్ల అనుభవం ఉన్నట్టు నిర్ధారణ అయింది. చీపురుతో భర్తగారి స్పర్శను భార్య స్వయంగా ధ్రువీకరించింది. ఇద్దరి దరఖాస్తుల్లో భర్తగారిది ఏడు నిమిషాలు ముందు చేరింది. (ఆ ఏడు నిమిషాలూ శ్యామల అన్నం వడ్డిస్తోంది.) కాబట్టి ఆ అనుభవమంతా కోదండరామ్ ఖాతాకి బదిలీ. శ్యామల ఖాతాలో మిగిలింది సున్నా. ఆమె "వెంట వచ్చే జీవిత భాగస్వామి"గా గ్యాలరీలో కూర్చోవచ్చు.

ఆమె చోటు కావ్యశ్రీకి ఇచ్చారు. ఆ అమ్మాయి కాలేజీలో చదువుకుంటూ వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్ మూడేళ్లు ఊడ్చింది, పే స్లిప్పులతో సహా చూపించింది. కర్లింగ్ రాయిని దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. కెప్టెన్‌గా నన్ను నిలబెట్టారు.

అప్పీలుకి దారి లేకపోలేదు. అనుభవం నాది కాదని కోదండరామ్ ఒక్క సంతకం పెడితే పదకొండేళ్లూ శ్యామలకి తిరిగి వస్తాయి. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అతనికి అయిదేళ్ల నిషేధం. అతని బదులు వికాస్ అనే కుర్రాడు ఆడటానికి సిద్ధంగానే ఉన్నాడు.

"ఒక్క చెయ్యి ఎత్తండి చాలు," అంది శ్యామల. "తగిలింది అనండి. నేను అనలేదా?"

కోదండరామ్ ఫోన్ తీసి ఏదో వెతికాడు. "అనేవాణ్నే శ్యామా. హోటల్ బుకింగ్ నా పేరు మీద ఉంది, నాన్-రిఫండబుల్," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మెదపలేదు. బేస్‌మెంట్‌లో నా వంతుల్లో సగం మా రూమ్మేటే ఊడ్చాడు మరి.

పోటీ ఎటోబికోలో జరిగింది. కనాటా నుంచి నాలుగున్నర గంటలు శ్యామలే డ్రైవ్ చేసింది. (వెంట వచ్చే భాగస్వాములకు డ్రైవింగ్ అనుమతి ఉంది.) మొదటి మ్యాచ్ నార్వే వాళ్లతో. ఎలాగో సమానంగా లాక్కొచ్చాం. ఆఖరి రాయి నాది. వలయంలో ఆగితే గెలుపు, ఆగకపోతే ఇంటికి. వేశాను. నెమ్మదిగా వెళ్తోందని చేతిలోంచి జారగానే తెలిసిపోయింది. నా బదులు వలయాల దగ్గర నిలబడ్డ తేజశ్రీ ఇంకా అంచనా వేస్తూనే ఉంది. కావ్యశ్రీ మాత్రం వేర్‌హౌస్ వేగంతో ఊడుస్తోంది. పక్కనే కోదండరామ్ చీపురు పట్టుకుని నడుస్తున్నాడు.

గ్యాలరీలోంచి శ్యామల లేచి నిలబడి, హాలంతా మోగేలా అరిచింది.

"ఏమండీ! ఊడ్చండి!"

కోదండరామ్ ఆగి, ఎవరినంటోందా అని వెనక్కి తిరిగి చూశాడు.

రాయి వలయానికి జానెడు ఇవతల ఆగిపోయింది.

మండలి వారి నివేదిక నిన్న వచ్చింది. ఓటమికి కారణం అనుభవలోపం కాదని, కోదండరామ్ గారి అనుభవం ఆ హాల్లో అందరికన్నా ఎక్కువని స్పష్టంగా రాశారు. గ్యాలరీ నుంచి వచ్చిన సూచన క్రీడాకారుడికి అర్థం కాలేదు కనుక దీన్ని భాషాసమస్యగా నమోదు చేశారు. వచ్చే ఏడాది దరఖాస్తుతో పాటు ఇంగ్లిష్ టెస్ట్ స్కోరు కూడా జతచెయ్యాలట, శ్యామలది.