కోటేష్ పొలంలోకి వచ్చిన నెప్ట్యూన్

తొమ్మిదికల్లా ముగ్గు పోయించేసి, పదికి ఇంటికెళ్లి స్నానం చేసి, పదకొండుకు ఇస్త్రీ చొక్కాలో అధికారికి ఎదురు నిలబడాలన్నది ఆ రోజు శేషాచలం మాస్టారి పథకం. సత్తెనపల్లి దగ్గర ఓ ఊరి హైస్కూల్లో ఆయన లెక్కలు చెబుతాడు. జిల్లా సైన్సు ప్రదర్శనకు నమూనాలు ఎంచే అధికారులు బడికొచ్చి చూసి, వరసగా మూడేళ్లు ఆయనది పక్కన పెట్టేశారు. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాడు కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

భూమి నుంచి చంద్రుడు, సూర్యుడు, గ్రహాలు ఎంతెంత దూరమో చూపే బార్ గ్రాఫ్ ఆయన నమూనా. నిరుడు దాన్ని చార్టు మీద వేశాడు. నెప్ట్యూన్ గీత చార్టు నిండా పట్టేసరికి చంద్రుడి గీత కంటికి ఆనకుండా పోయింది. "చంద్రుణ్ణి మర్చిపోయారండీ," అనేసి వెళ్లాడు చూడొచ్చిన అధికారి. ఆ మాటకు మాస్టారు ఏడాదిపాటు ఉడికిపోయాడు. ఈసారి చంద్రుడికి ఒక సెంటీమీటరు ఖాయం చేశాడు. ఆ లెక్కన సూర్యుడు నాలుగు మీటర్లు, గురుడు పదహారు, నెప్ట్యూన్ నూటపదమూడు. అంత జాగా బళ్లో లేదు. వెనకున్న యలమందయ్య చేను పత్తికట్టె పీకేసి ఖాళీగా ఉంది.

"పోసుకోండి మాస్టారూ, దానిదేముంది," అన్నాడు యలమందయ్య. ఆ ముక్క భార్య కోటిరత్నం చెవిన వెయ్యకుండానే మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకి వెళ్లిపోయాడు.

పిల్లలూ మాస్టారూ కలిసి ముగ్గుపిండితో బారులు పోసి, ఒక్కో దాని చివర మేకు కొట్టి ఎర్రగుడ్డ కట్టారు. నెప్ట్యూన్ మాత్రం గట్టు దాటి, పక్కనున్న కోటేష్ చౌడు నేలలోకి పదమూడు మీటర్లు వెళ్లింది. ఆ చుట్టుపక్కల పొలంలో తెల్లగీత, ఎర్రగుడ్డ కనిపిస్తే రోడ్డు సర్వే తప్ప గ్రహాలు గుర్తుకొచ్చే మనిషి లేడు.

మాస్టారు స్నానానికి బయల్దేరబోతుంటే కోటిరత్నం ఎదురొచ్చింది.

"ఎవర్నడిగి రోడ్డేస్తున్నారండీ మా చేలో?"

"రోడ్డు కాదమ్మా, గ్రహాలు."

"ఏవైతే నాకేంటి. మా ఎకరం మీదుగా పోనిచ్చేది లేదు."

"మీ ఆయన ఒప్పుకున్నాడమ్మా."

"సంతకం పెట్టేశాడా?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మాస్టారికి అర్థమయ్యేలోపే ఆమె ఇంటికెళ్లి, గొర్రు తగిలించిన ట్రాక్టరు తానే తోలుకొచ్చింది. చంద్రుడు, శుక్రుడు, సూర్యుడు ఒక్క చాలులో మట్టిలో కలిసిపోయారు.

అవతలి గట్టు మీంచి కోటేష్ పిలిచాడు. "ఏం మాస్టారూ, మావైపు ఇంతేనా? ఆపేశారేం?"

"నెప్ట్యూన్ అక్కడికే అయిపోయింది నాయనా."

"మా చౌడులో గడ్డి కూడా మొలవదండి. రోడ్డు కింద పోతే నాలుగు డబ్బులొస్తాయి, చెడగొడతారేం," అంటూ కోటేష్ మిగిలిన ముగ్గు బస్తా భుజానేసుకుని, నెప్ట్యూన్‌ను కాలవ దాకా లాక్కుపోయాడు.

పదిన్నరకల్లా ఊరు ఊరంతా చేలో ఉంది. గీత తమ పొలం మీదుగా రావాలనేవాళ్లు కొందరు, అక్కర్లేదనేవాళ్లు కొందరు. రెండు వర్గాలూ మేకులు పీకి తమకు కావలసిన చోట పాతుకున్నారు. శని కన్నా గురుడు దూరమైపోయాడు. మాస్టారు గొంతు పోయేలా అరిచాడు. ఎవరూ వినలేదు. మోకాళ్ల దాకా ముగ్గుపిండితో గట్టు మీద కూలబడితే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

సరిగ్గా పదకొండుకు అధికారి రామకాంత్ కారు దిగాడు. ఆఫీసరొచ్చాడు, ఇక అసలు సంగతి బయటపడుతుందని జనం ఒక్కసారిగా నోళ్లు మూశారు. కోటిరత్నం ట్రాక్టరు ఆపింది. మాస్టారు ఆశ వదులుకునే లేచి, ఉన్న గీతలూ లేని గీతలూ చూపిస్తూ దూరాలన్నీ చెప్పాడు. రెండొందలమంది ఊపిరి బిగబట్టి విన్నారు.

"ఖగోళశాస్త్రాన్ని రైతులు ఇంత శ్రద్ధగా వినడం నా సర్వీసులో చూళ్లేదండి," అన్నాడు రామకాంత్. "మీది సెలెక్ట్ చేస్తున్నాను."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. రామకాంత్ కాగితం తీసి, పెన్ను మూత తిప్పి, ఎందుకో ఆగాడు. మోచెయ్యి పట్టుకుని ఆయన్ని కారు వెనక్కి తీసుకెళ్లాడు.

"మనలో మాట మాస్టారూ. నల్లపాడులో నాకో ప్లాటుంది. ఈ రోడ్డు అటు వస్తుందా?"

మాస్టారు కాగితం వైపు చూశాడు. సంతకం పెట్టాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"మీ ప్లాటు పక్కనుంచేనండి," అన్నాడు, ముప్ఫై ఏళ్లలో ఒక్క తప్పు లెక్కా చెప్పని శేషాచలం మాస్టారు.