నిషేధిత చల్లదనం

దాచేపల్లి దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, విద్యుదయస్కాంత క్షేత్రాల బారి నుంచి కార్మికులను కాపాడే నిబంధనలు ఈ మే నెల నుంచి తు.చ. తప్పకుండా అమలవుతున్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

నిబంధనలు రెండే. కరెంటు ప్యానెళ్ల గదిలో లావుపాటి కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కనుక అక్కడ పని లేనివాళ్లు పసుపు గీత దాటరాదు. గుండె లయను నడిపే పేస్‌మేకర్ ఆ క్షేత్రానికి తడబడుతుంది కనుక, అది ఉన్నవాళ్లు అసలు గుమ్మమే తొక్కరాదు.

చిక్కల్లా ఏమిటంటే, ఫ్యాక్టరీ మొత్తంలో పనిచేస్తున్న ఒకే ఒక్క ఏసీ ఆ గదిలోనే ఉంది. అది కూడా మనుషుల కోసం కాదు, ప్యానెళ్లు వేడెక్కకుండా పెట్టారు. బయట చూస్తే మాడు పగిలే ఎండ. అందుచేత పర్యవేక్షణ నిమిత్తం మేనేజరు గారి కుర్చీ గీత లోపలికి చేరింది. మేనేజరును పర్యవేక్షించడానికి అకౌంట్సు వాళ్లు చేరారు. వాళ్ల వెనకాలే క్యారియర్లూ, పేకముక్కలూ వచ్చాయి. స్వహస్తాలతో గీత గీసిన సేఫ్టీ ఆఫీసర్ దుర్గాప్రసాద్ గారు ప్రమాదాన్ని దగ్గరగా పరిశీలించేందుకు మడత మంచం తెప్పించుకున్నారు. మధ్యాహ్నం పూట ఆయన పరిశీలన గురకతో సహా బయటికి వినిపించేది.

ఇంతకీ కాపాడటానికి ఒక మనిషి కావాలి కదా! ఆ కొరత రెంటచింతల ఫ్రాన్సిస్ తీర్చాడు. ఏళ్ల తరబడి బస్తాలెత్తిన మనిషి. నిరుడు గుండె మొరాయిస్తే పేస్‌మేకర్ పెట్టించుకుని, ఆ సంగతి దాచకుండా ఆఫీసులో చెప్పాడు. అమాయకుడు!

"ఫ్రాన్సిస్ మన సంస్థకు దొరికిన వరం. లోపలికి వెళ్లే వీల్లేని మనిషి కంటే నమ్మకమైన కాపలా ఎక్కడ దొరుకుతుంది?" అని దుర్గాప్రసాద్ గారు ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్రాన్సిస్‌ను ఆ గది తలుపు బయట నిలబెట్టారు. అక్కడ నీడ లేదు. నీడ గురించి నిబంధనల్లో లేదు.

"సార్, ఎండ చానా మండతంది. ఆ షెడ్డు కింద కూర్చుంటా," అని వారం తిరక్కుండానే అడిగాడు.

"ఏంది ఫ్రాన్సిస్, తలుపెవరు కాస్తారు? ఉద్యోగం వద్దంటే చెప్పు," అన్నారు దుర్గాప్రసాద్ గారు.

ఉద్యోగం కావాలి. కూతురు కీర్తన ఇంకా ఇంటర్ చదువుతోంది. ఫ్రాన్సిస్ తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి ఒక్క క్షణం మొహానికి తగిలేది. పాపం, దానికే ఆశపడేవాడు.

ఒక మధ్యాహ్నం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఊడ్చే సలోమి చీపురు పారేసి తలుపు బాదింది.

"సార్, మనిషి పడిపోయాడు! లోపలికి లాగండి, చల్లంగుంది!"

లోపల వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. పేస్‌మేకర్ ఉన్న మనిషిని గుమ్మం దాటిస్తే అతని ప్రాణానికే ముప్పని దుర్గాప్రసాద్ గారు ఆవేదన వ్యక్తం చేశారు. పోనీ మనమే బయటికి వెళ్దామా అన్నాడొక కుర్రవాడు. ఆ ప్రతిపాదనను ఎవరూ బలపరచలేదు.

"ముందు తలుపెయ్యండయ్యా, చల్లదనమంతా పోతంది," అన్నారు మేనేజరు గారు.

సలోమి ఒక్కతే అతన్ని నీళ్ల తొట్టి దగ్గరికి ఈడ్చుకెళ్లి బక్కెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించింది. ఫ్రాన్సిస్ కళ్లు తెరిచాడు. నీళ్లు వృథా చేసినందుకు సలోమికి మెమో వచ్చింది.

విద్యుదయస్కాంత క్షేత్రం వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదని పైకి నివేదిక వెళ్లింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కనుకనే ఉత్తమ భద్రతా పురస్కారం ఈ ఫ్యాక్టరీనే వరించింది.

సన్మాన సభ ఆ గదిలోనే జరిపారు. ఫ్రాన్సిస్ లోపలికి రాకూడదు కనుక, తలుపు సందులోంచి చెయ్యి చాపి భుజాల మీద శాలువా కప్పారు. ఉన్ని శాలువా. తర్వాత తలుపు మూసి, దాని అద్దంలోంచి అతనికి కనిపించేలా చప్పట్లు కొట్టారు. శాలువా తీసేస్తే ఎవరేమనుకుంటారోనని అతను ఆ ఎండలో అలాగే నిలబడ్డాడు.

ఇంత దారుణమా అని మీరు నొచ్చుకుంటున్నారు. చాలా సంతోషం. సభకు మీరు వస్తే ఎటువైపు కూర్చుంటారో మాకు తెలుసు. మీ కోసం కుర్చీ కూడా వేయించాం, ఏసీకి ఎదురుగా.