తొమ్మిదో భాషకు ట్యూషన్

"ఇకమీదట ఈ లిఫ్టుల కంపెనీ తన ఇన్వెస్టర్లతో తొమ్మిది భాషల్లో మాట్లాడుతుంది. భాష రాదన్న కారణంతో ఏ ఒక్కరూ చీకట్లో ఉండటానికి వీల్లేదు!" అని పరిశ్రమల మంత్రిగారు మా మూడో అంతస్తులో ప్రకటించారు. ఆయాసం వల్ల ఆ రెండు ముక్కలకూ నాలుగు నిమిషాలు పట్టింది. మా బిల్డింగులో లిఫ్టు పనిచేయదు. ఆయన మెట్లెక్కి వచ్చారు.

నేను ఆ ప్రభుత్వ కంపెనీలో సోషల్ మీడియా సెక్షన్ గుమాస్తాను. నాకు రెండు భాషలు వచ్చు, తొమ్మిదింటికి బటన్ నొక్కడం వచ్చు. చైర్మన్‌గారు నన్ను పిలిచి పాలసీ వివరించారు.

"శుభవార్తలు ఎనిమిది భాషల్లో వెయ్యి. చెడ్డవార్తలు తొమ్మిదో దాంట్లో."

"అది కొండమీది వాళ్ల భాష కదండీ. చదివేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు."

"అందుకేగా! చెడ్డవార్త దాచకుండా బయటపెట్టాలని చట్టం. ఏ భాషలో పెట్టాలో చట్టంలో లేదు."

ఏం బుర్రండీ! ఊరికే అవుతారా చైర్మన్లు? మంత్రిగారైతే పొంగిపోయారు. "చిన్న భాషల్ని ఇన్నాళ్లూ ఎవరు పట్టించుకున్నారయ్యా? మనం వాళ్లకి ఎక్స్‌క్లూజివ్ న్యూస్ ఇస్తున్నాం" అన్నారు.

ఆ భాష వచ్చినావిడ మా ఆఫీసులోనే దొరికింది. మా అంతస్తు ఊడ్చే పెద్దమ్మ. చైర్మన్‌గారు తలుపేసుకుని చెబుతుంటే, ఆవిడ చీపురు గోడకు ఆనించి, కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఫోన్లో టకటకా కొట్టేసేది. నేను బటన్ నొక్కేవాణ్ని. ఏం రాసిందో ఎన్నడూ అడగలేదు. ఇంత పెద్ద కంపెనీలో చెడ్డవార్తలంటే ఏముంటాయి, క్యాంటీన్లో కప్పులు పగలడం తప్ప?

మొదటి సోమవారం 'మన లిఫ్టుకు ఆకాశమే ఆఖరి అంతస్తు' అని ఎనిమిది భాషల్లో వేశాం. నలభై వేల లైకులు. తొమ్మిదో భాష పోస్టుకు వచ్చినవి మూడే, అవీ ఏడుపు బొమ్మలు. కొండమీది వాళ్లు మరీ సున్నితమైన మనుషులని జాలిపడ్డాను.

మామగారి రిటైర్మెంటు డబ్బంతా మా కంపెనీ షేర్లలో పెట్టించింది నేనే. ఆయన పోయాక అత్తగారు పొద్దున్నే ఫోన్ చేసేవారు.

"అల్లుడుగారూ, అమ్మేయమంటారా?"

"ఎనిమిది భాషల్లో మొత్తుకుంటున్నాం కదత్తయ్యా, ఇంకా అనుమానమేమిటి?"

ఒకరోజు ఆవిడ అమ్మి తీరతానన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటి కోసం దాచిన ప్రావిడెంట్ ఫండ్ ఊడ్చి తెచ్చి, ఆ షేర్లన్నీ నేనే కొనేశాను. "మీ అమ్మాయికి వీటితోనే మేడ కడతాను, చూస్తూ ఉండండి" అన్నాను. ఆవిడ నావంక ఓ రకంగా చూసి, డబ్బు పుచ్చుకుని వెళ్లారు.

ఆ నెలాఖరుకు తొమ్మిదో భాషకు ఫాలోవర్లు మూడు వందలు దాటారు. చైర్మన్‌గారు ఉలిక్కిపడ్డారు.

"కొండమీద జనాభా పెరిగిందా ఏమిటి? కనుక్కో."

కనుక్కున్నాను. సాయంత్రం అయిదింటికి కింద క్యాంటీన్లో పెద్దమ్మ ట్యూషన్ చెబుతోంది. బెంచీల మీద మా డైరెక్టర్లు నలుగురూ, ఏడెనిమిది మంది షేర్ బ్రోకర్లూ, మా షేరు కళ్లు మూసుకుని కొనమని పేపర్లో రాసే నిపుణుడూ ఒత్తులు దిద్దుతున్నారు. వెనక బెంచీలో మంత్రిగారు పక్కవాడి నోటుబుక్కులోకి తొంగి చూసి రాసుకుంటున్నారు. ముందు బెంచీలో క్లాసు లీడరు మా అత్తగారు.

"తమరు కూడానా సార్!" అన్నాను మంత్రిగారితో.

"ఏం చెయ్యమంటావయ్యా? నాకొచ్చే ఫైళ్లు కూడా ఆ ఎనిమిది భాషల్లోనే ఉంటున్నాయి."

ఆ పొద్దున నేను వేసిన తొమ్మిదో భాష పోస్టునే పెద్దమ్మ అత్తగారి చేత చదివించింది. ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. చదవడం పూర్తయ్యేలోపే బ్రోకర్లు ఫోన్లు చెవికి పెట్టుకుని బయటికి పరిగెత్తారు. నేను ముందు బెంచీ దగ్గరికి ఉరికాను.

"ఏముందత్తయ్యా అందులో?"

ఆవిడ పెద్దమ్మతో ఆ భాషలోనే ఏదో అన్నారు. మిగిలిన క్లాసంతా గొల్లున నవ్వింది. మంత్రిగారు మాత్రం అందరూ నవ్వాక నవ్వారు.

"ఏమంటున్నారు పెద్దమ్మా?"

"అల్లుడుగారు బంగారంలాంటి మనిషే, పాపం చదువే లేదు, అంటున్నారు బాబూ."

"నన్నూ చేర్చుకో పెద్దమ్మా. నీకు పుణ్యముంటుంది."

"కొత్త బ్యాచి వచ్చే నెలే బాబూ. ఇక్కడ కాదు, మా ఇంటిదగ్గరికి రా. అప్పటికి ఈ బిల్డింగు మనది కాదుగా."

ఇంతలో పైనుంచి చైర్మన్‌గారి ఫోన్. మూడు అంతస్తులూ మెట్లెక్కి, 'భవిష్యత్తు మనదే' అని ఎనిమిది భాషల్లో వేశాను. మొదటి లైకు ఎప్పటిలాగే నాదే.