మళ్లీ వస్తానని మాటివ్వని ప్రేక్షకుడు

స్కాట్లాండ్‌లో చిన్న లీగు ఫుట్‌బాల్ ఆట చూడడానికి వెళ్లినవాడు, తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర మళ్లీ వస్తానని మాటివ్వకపోతే, అతనిలో ఒకణ్ణి అక్కడే ఉంచేసుకుంటారు. ఇది చాలాకాలంగా ఉన్న నిబంధనే. మైదానం చుట్టూ కనీసం ముప్పై మంది నిలబడకపోతే ఆ క్లబ్బు పేరును చిన్న క్లబ్బుల సంఘం జాబితాలోంచి కొట్టేస్తుంది. ఊరి జనమంతా పెద్ద జట్ల ఆటలు టీవీలో చూస్తూ సోఫాల్లో కూర్చుంటే ముప్పై మంది ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? అందుకని వచ్చినవాణ్ణి వచ్చినట్టే పోనివ్వకూడదని ఒక సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేశారు.

పద్ధతి సులువు. ఆట అయిపోయాక గేటు మనిషి "వచ్చే వారం వస్తావుగా?" అని అడుగుతాడు. ఊరివాళ్లు వస్తామంటారు, మొత్తంగా ఇంటికి పోతారు. రానన్నవాడు ఇద్దరవుతాడు. ఒకడు గేటు దాటి బస్సెక్కుతాడు. రెండోవాడు వెనక్కి తిరిగి, రెయిలింగు దగ్గర ఖాళీ చూసుకుని నిలబడతాడు. నొప్పేమీ ఉండదు. నిబంధనల పుస్తకంలో వెళ్లినవాణ్ణి 'మిగులు' అనీ, ఉండిపోయినవాణ్ణి 'నిల్వ' అనీ రాశారు. నిల్వలు మిగతా రోజుల్లో గోలు స్తంభాలకు సున్నం కొడతారు, పక్క వాగులో పడ్డ బంతుల్ని పొడుగు కర్రకు కట్టిన వలతో తీస్తారు. పదిమంది నిల్వలకు ఒక చెత్తడబ్బా చొప్పున మునిసిపాలిటీ అదనంగా ఇస్తుంది.

ఈ నిబంధన బాగా వర్తించేది గ్రౌండ్ హాపర్లకు. వీలైన శనివారమల్లా ఒక కొత్త మైదానానికి వెళ్లి, తొంభై నిమిషాలూ చూసి, జాబితాలో దాని పక్కన టిక్కు పెట్టుకునేవాళ్లు వీళ్లు. చూసిన మైదానానికి మళ్లీ వెళ్లడం వీళ్ల దృష్టిలో శనివారాన్ని వాగులో పారేయడమే. గ్లాస్గోలో తాగునీటి గొట్టాల పటాలు గీసే యర్రంశెట్టి వీరభద్రం అలాంటివాడు. తణుకులో ఉన్న రోజుల్లో రెండు గోదావరి జిల్లాల్లోని సినిమా హాళ్లన్నిటిలో ఒక్కో ఆట చూశాడు. సినిమా ఏదన్నది పట్టించుకోలేదు, హాలు కొత్తదైతే చాలు. స్కాట్లాండ్‌కి వచ్చాక హాళ్ల బదులు మైదానాలు దొరికాయి. అరవై నాలుగు క్లబ్బుల జాబితాలో ఎనిమిదేళ్లలో అరవై మూడు పూర్తి చేశాడు. అబద్ధమాడే మనిషి కాదు గనక, అరవై మూడు గేట్ల దగ్గరా రాననే చెప్పాడు.

ఆ విధంగా వీరభద్రంలో అరవై ముగ్గురు స్కాట్లాండ్ నలుమూలలా వానలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అరవై నాలుగోవాడు ఇంట్లో ఉన్నాడు. ప్రతి నిల్వా ఆ రోజు ఆటను కన్నార్పకుండా చూసిన మనిషి కాబట్టి, ఆ చూపు కూడా వాడితోనే ఉండిపోతుంది. ఇంటికి చేరేవాడు అది పోగా మిగిలినవాడు. వాటంతటవే తెరుచుకునే షాపు తలుపులు వీరభద్రం వస్తే తెరుచుకోవడం మానేశాయి. వెనకాల ఎవరైనా వచ్చేదాకా ఆగి, వాళ్లతోపాటు లోపలికి వెళ్లేవాడు. డాక్టరు చూసి, హాపర్లలో ఇది మామూలేననీ, వారానికొకసారి ఒకే చోటికి వెళ్లడం అలవాటు చేసుకోమనీ రాసిచ్చింది. ఆఫీసులో ఎవరికీ తేడా తెలియలేదు. పైగా మీటింగుల్లో అడ్డు చెప్పడం మానేశాడని పెద్ద కుర్చీ ఇచ్చారు.

తేడా తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య సౌదామిని, కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రెండోది పదేళ్ల కూతురు మేధ. మేధ రెండేళ్లుగా పిల్లల జట్టులో గోల్‌కీపరు. ప్రతి శనివారం పొద్దున ఇంటి దగ్గర పార్కులో ఆట. ఆ పార్కుకి రెయిలింగు లేదు, గేటు లేదు, జాబితాలో పేరు లేదు. అందుచేత వీరభద్రం ఒక్కసారీ వెళ్లలేదు. మిగతా పిల్లల తల్లిదండ్రులు పక్కన నిలబడి కేకలు వేస్తుంటే, మేధ బంతి పట్టుకున్నప్పుడల్లా అటువైపు ఒకసారి చూసి, మళ్లీ ఆటలోకి వెళ్లేది. సౌదామినికి ఆ చూపు భరించడం కష్టంగా ఉండేది. ఆయన్ని ఒక్క ఆటకైనా తీసుకురావాలి, ఆమెకు కావలసింది అంతే.

"గేటు దగ్గర వస్తానని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయిందండీ?" అని ఒకరోజు అడిగేసింది.

"రానప్పుడు వస్తాననడం అబద్ధం కదా," అన్నాడు వీరభద్రం.

"మరి మేధకి వచ్చే శనివారం వస్తాను, వచ్చే శనివారం వస్తాను అని రెండేళ్ల నుంచీ చెప్తన్నారు. అదేంటి?"

"అది ఇంట్లో మాట," అన్నాడాయన. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మనవాళ్లు ఊరికే అనలేదు.

సౌదామిని నిబంధనల పుస్తకం తెప్పించుకుని చదివింది. నిల్వను విడుదల చేయాలంటే మిగులు స్వయంగా రెండోసారి ఆ మైదానానికి రావాలి. ఆమె భర్త చేరిన మొదటి మైదానం ఇన్వర్‌డోరీ అనే ఊళ్లో ఉంది. అక్కడి థిసిల్ క్లబ్బు కార్యదర్శి మోరాగ్ అనే పెద్దావిడకు ఫోన్ చేసి, భర్త తరఫున తాను వస్తే సరిపోతుందా అని అడిగింది.

"కుదరదమ్మా," అంది మోరాగ్. "భార్యలు చాలామందే అడుగుతుంటారు. ఒకామె పెళ్లి సర్టిఫికెట్టు కూడా పట్టుకొచ్చింది. మనిషి రావాల్సిందే."

సౌదామిని ఇంకో సంగతి అడిగింది. హాఫ్ టైములో పది నిమిషాలు చిన్నపిల్లల జట్లను మైదానంలో ఆడించే ఆచారం అక్కడ ప్రతి క్లబ్బులోనూ ఉంది. తమ పార్కు జట్టుకి ఆ అవకాశం ఇస్తారా? మోరాగ్ సంతోషంగా ఒప్పుకుని తేదీ ఇచ్చింది. ఒక్క షరతు పెట్టింది. నిల్వలకు ఎన్నేళ్లయినా చేరిన రోజే నడుస్తుంటుంది; పద్నాలుగో నిబంధన ప్రకారం ఆ తరవాతి సంగతులేవీ వాళ్లకు చెప్పకూడదు. చెబితే ఇంటి మీదికి ధ్యాస మళ్లి ఆట చూడరు, లెక్క తప్పుతుంది.

ఆ తేదీ వీరభద్రానికి ముందే చెప్పారు. ఆయన డైరీ తీసి చూశాడు. జాబితాలో చివరిదైన అరవై నాలుగో మైదానం ఒక దీవిలో ఉంది, పడవ ఆ శనివారమే. "వచ్చే వారం తప్పకుండా వస్తాను తల్లీ," అన్నాడు. మేధ తలూపి, చేతి తొడుగులు సంచిలో పెట్టుకుంది.

ఇన్వర్‌డోరీ మైదానం ఒకవైపుకి వాలి ఉంటుంది. కింది గోలు వైపు ఆడే జట్టుకి సగం గోల్స్ ఆ వాలే కొట్టిపెడుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ శనివారం సన్నగా తుంపర పడుతోంది. పార్కు పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు గాక, రెయిలింగు చుట్టూ ముప్పై ఒక్కరున్నారు. వాళ్లలో ఇరవై ఇద్దరు నిల్వలు. కింది గోలు వెనక, జేబు చిరిగిన ఆకుపచ్చ కోటుతో, మాంసం పఫ్ తింటూ వీరభద్రం నిలబడి ఉన్నాడు. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంది. ఈ మనిషిని సౌదామిని చూసి ఎనిమిదేళ్లయింది.

"సౌదా! నువ్వెప్పుడొచ్చావ్?" అని ఆయన మొహమంతా నవ్వుతో ఎదురొచ్చాడు. "పాపనెక్కడ వదిలావ్?"

నాలుగడుగుల దూరంలో మోరాగ్ గొడుగు కింద నిలబడి చూస్తోంది. "పక్కింటావిడ దగ్గరండీ," అంది సౌదామిని.

"నేను లేకపోతే అన్నం తినదే అది. నిన్న బంతి చూపించి 'నాన్నా, దా' అంది, విన్నావా? రెండు మాటలూ కలిపి అనడం అదే మొదలు." ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "ఏంటి, అంత నీరసంగా ఉన్నావ్? నిద్ర లేదా?"

ఆ మాట పాప ఎప్పుడు అన్నదో సౌదామిని ఏనాడో మరిచిపోయింది. ఇక్కడ ఒకరు దాన్ని నిన్నటిదిగా గుర్తుంచుకుని ఉన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. చలికి కళ్లు నీళ్లు కారుతున్నాయని చెప్పింది.

హాఫ్ టైములో పిల్లలు దిగారు. మేధ పరుగెత్తుకుంటూ వచ్చి కింది గోలులో, సరిగ్గా ఆయన ముందు నిలబడింది. వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. నాలుగో నిమిషంలో ఒక పొడుగుపిల్ల బలంగా తన్నింది. మేధ బురదలోకి దూకి, బంతిని పొట్టకి అదుముకుని లేచింది.

"అబ్బ! ఏం పట్టిందే!" వీరభద్రం పఫ్ రెయిలింగు మీద పెట్టి రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. "ఎవరమ్మాయో గానీ మనవాళ్ల పిల్లలాగుంది. సౌదా, మన పాప పెద్దయ్యాక ఇలా ఆడిందనుకో, ఒక్క ఆట మానను. ఎన్ని పనులున్నా వదిలేసి వస్తాను."

"అలాగేనండీ," అంది సౌదామిని.

పది నిమిషాలు అయ్యాక మేధ రెయిలింగు దగ్గరికి వచ్చింది. పద్నాలుగో నిబంధన ఆమెకు బస్సులోనే వివరంగా చెప్పారు.

"బాగా ఆడావమ్మా. చేతులు ఇంకాస్త పైకి పెట్టుకో," అన్నాడాయన.

"మళ్లీ ఆడితే చూస్తారా?"

"చూడక? నేనెక్కడికి పోతాను?"

సాయంత్రం తిరుగు బస్సులో ఉండగా సౌదామిని ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. దీవిలో మైదానం గేటు, పక్కన జాబితా, అరవై నాలుగో టిక్కు. కింద ఇంకో వాక్యం: వచ్చే సీజనుకి రెండు కొత్త క్లబ్బులు చేరుతున్నాయట. ఫొటోలో గేటు స్పష్టంగా ఉంది, పట్టుకున్న చెయ్యి కాస్త పలచగా ఉంది. సరేనని జవాబిచ్చి ఫోను సంచిలో వేసుకుంది.

వెనక సీట్లో మేధ పక్కన ఐలా అనే పిల్ల కూర్చుంది. జట్టులో ఎడమవైపు ఆడుతుంది.

"చప్పట్లు కొట్టినాయన మీ నాన్నా?" అని అడిగింది ఐలా.

"అవును. నేనెవరో ఆయనకి తెలీదు. కానీ చూస్తారు."

ఐలా కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసింది. "మా నాన్న ఏ మైదానానికీ వెళ్లడు. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు. ఆయన్ని చూడాలంటే ఎక్కడికెళ్లాలో మాకు తెలీదు," అంది.

మేధ బురద ఎండిన చేతి తొడుగులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. "అయితే వచ్చే శనివారం మాతో రా," అంది. "మా నాన్న ఎవరాడినా చూస్తారు."