పసుపు గీతల గడిపై మాజుంగు దండయాత్ర

స్వస్తి! నెలాఖరు శనివారం, ప్రచండ మార్తాండుడు తారురోడ్డు మీద రొట్టెలు కాల్చేంత ప్రతాపం చూపుతున్న మిట్టమధ్యాహ్నం, జీతాలందిన సకలజనులూ పోటెత్తిన పీటర్‌మారిట్స్‌బర్గ్ మహాపురంలోని బజారు పార్కింగనే రణరంగంలోకి, ఏకపాద విరాజిత, మధుమేహ మర్దిని, గంభీర గాత్ర యగు మాజుంగు తన పాత తెల్లకారును స్వయంగా నడుపుకుంటూ ప్రవేశించింది.

లాండ్రీ ఒంటిగంటకు మూసేస్తారు. అందులో ఆమె ఎర్ర రవికె ఉంది. మధుమేహం వల్ల కాలు తీసేశాక చర్చి మహిళల వరుసలో ఆమె పాడలేదు. రేపు పాడాలి, ఎర్ర రవికె లేనిదే ఆ వరుసలో చోటు లేదు. ఎంత వీరనారి అయినా ఆమె చూపు కారు గడియారం మీదే ఉంది.

కారు తలుపు బార్లా తెరుచుకుంటేగాని చక్రాల కుర్చీ దిగదు. అందుకు తగినట్టు వికలాంగుల కోసం పసుపు గీతలు గీసిన వెడల్పాటి గడులు రెండే. ఒకదాన్ని చేతికర్రలతో నడిచే తాతొకరు న్యాయంగానే అధిష్ఠించగా, రెండోదాన్ని నల్లని పికప్పు, నాలుగు దీపాలూ మిటకరిస్తూ ఆక్రమించి ఉంది. లోపల ఒక యువకుడు కాళ్లు చాపుకుని పాటలు వింటున్నాడు.

“బాబూ, బండి తియ్యి.”

“రెండే నిమిషాలమ్మా! మావాడు బొగ్గుల కోసం వెళ్లాడు. అయినా వికలాంగుల కార్డుంది చూడండి, ఊరికే పెట్టానా?”

“ఎవరిదా కార్డు?”

“మా అవ్వది.”

“అవ్వేదీ?”

“ఇంట్లో ఉందమ్మా. సీరియల్ చూస్తోంది.”

అంతట మాజుంగు హారనాస్త్రాన్ని తలచి వద్దనుకుంది, పోలీసాస్త్రాన్ని తలచి ఆలస్యమనుకుంది, చివరికి తాతముత్తాతల నాటి దివ్యాస్త్రాన్ని బయటికి తీసింది.

“మీ ఇంటిపేరేంటి నాయనా?”

“ఎన్‌డ్లోవు.”

ఆ గడ్డమీద పెద్దవాళ్లు వంశపు బిరుదులెత్తి పిలిస్తే ఎంతటివాడైనా లేచి తలవంచాల్సిందే. ఆ సంగతి ఎరిగిన మాజుంగు, చర్చి పైకప్పును కదిలించిన కంఠంతో గర్జించింది.

“గాట్షేనీ! బోయా బెన్యాతీ! అడవిదున్న రోమమంత బిరుసైన వంశంలో పుట్టినవాడా! ఆడవాళ్లకి దారిచ్చి పక్కకి నిలబడ్డ మగవాళ్లయ్యా మీవాళ్లు! నువ్వేమో అవ్వ కార్డు చాటున దాక్కుంటావా?”

తోపుడుబండ్ల దగ్గరి ఆడవాళ్లు నాలుకలాడిస్తూ జయధ్వానాలు చేశారు. యువకుడు ఒక్క ఉదుటున దిగి టోపీ తీసేశాడు.

“అందరి ముందూ ఆ పేర్లెందుకమ్మా? పరువు పోతోంది.”

“ఆ కార్డు వారం వారం ఊరు చూస్తోంది. మీ అవ్వ చూసి ఎన్నాళ్లయింది?”

అతని మొహం మాడిపోయింది. “వస్తానంటుందమ్మా ప్రతిసారీ. ఎక్కించి దింపడానికి టైము పడుతుందని మేమే...”

గబగబా బండెక్కి వెనక్కి తీశాడు. తెల్లకారు లోపలికొచ్చింది, తలుపు బార్లా తెరుచుకుంది, కుర్చీ దిగింది, చక్రాలు పరుగందుకున్నాయి. లాండ్రీవాడు అప్పటికే షట్టరు సగం దించేశాడు. నిలువెత్తు మహాజనులు దాని ముందు ఆగిపోగా, చక్రపీఠాధిరూఢ యగు మాజుంగు తలైనా వంచకుండా దాని కింద నుంచి దూసుకుపోయింది.

ఎర్ర రవికె ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చేసరికి ఆ కుర్రవాడు ఎండలో, బొగ్గులు మోస్తున్న స్నేహితుడి పక్కన నిలబడి ఉన్నాడు.

“అమ్మా, ఇప్పుడే వెళ్లి అవ్వని తీసుకొస్తాం. ఇక్కడ చోటుంటుందా?”

“నా పనైపోయింది నాయనా. తొందరగా తీసుకురా, ఎవరూ బండి పెట్టకుండా మీవాణ్ణి ఇక్కడే నిలబెట్టు.”

దిక్కులు వినుగాక! ఘోరసంగ్రామంలో గెలుచుకున్న ఆ ఒకే ఒక్క గడి సామ్రాజ్యాన్ని మాజుంగు మహారాణి అప్పటికప్పుడే ఖాళీచేసి, పేరైనా తెలియని ఒక అవ్వకు అప్పగించి, పాడుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.